అద్దె లేని రోజులు

తెలియని నంబరు నుంచి ఫోనొస్తే నేను ఎత్తను. నాలుగేళ్ళుగా ఇదే వరస. మా యజమాని గున్నేశ్వరరావుగారు మొదట్లో కసిరేవారు. తర్వాత విసుగొచ్చి, నా బల్ల మీది ఫోను తీయించి పక్క బల్ల మీద పెట్టించారు. మణిశంకర్‌కి అదో తిక్క అని అందరూ సరిపెట్టుకున్నారు. తిక్క కాదు, భయం. ఫోనెత్తగానే "అంకుల్, వచ్చాయా?" అని ఒక ఆడపిల్ల అడుగుతుందని భయం.

రాజమండ్రిలో ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో నేను గుమాస్తాని. ఓడల మీద వచ్చిన సరుకుని విశాఖ రేవు నుంచి బయటికి తెచ్చుకోవడానికి పార్టీలకి కావలసిన కాగితాలు తయారుచేయడం నా పని. దిగిన సరుకుని రేవు గోదాంలో కొన్నాళ్ళు ఊరికే ఉంచుకోనిస్తారు. ఆ గడువు దాటితే రోజువారీ అద్దె మొదలవుతుంది. పార్టీలు ఫోన్లో అరవడం కూడా అప్పుడే మొదలవుతుంది. అందుకని నా బల్ల మీద ఫైళ్ళు గడువు ప్రకారం పేర్చుకుంటాను. ఇవాళ గడువు తీరేది అన్నిటికన్నా పైన, రేపటిది దాని కింద. పైది తీసి పని ముగించడం, తర్వాతది తీయడం, అంతే. ఇది నాకెవరూ నేర్పలేదు. నేనే కనిపెట్టుకున్నాను, దాన్ని చూసుకుని కాస్త మురిసిపోయేవాణ్ణి కూడా. ఏ ఫైల్లో ఏ సరుకుందో పట్టించుకునేవాణ్ణి కాదు. గడువు తేదీ ఒక్కటి చూస్తే చాలనుకునేవాణ్ణి.

2021 ఏప్రిల్లో కరోనా రెండోసారి విరుచుకుపడింది. ఆఫీసులో ఇద్దరు మంచాన పడ్డారు. గున్నేశ్వరరావుగారు ఇంట్లో ఒక గదిలో తలుపేసుకుని ఉన్నారు. ముగ్గురి పని నా ఒక్కడి నెత్తిన పడింది. అప్పుడే ఊళ్ళో వర్తకులు కొందరు చందాలు వేసుకుని సింగపూర్ నుంచి పన్నెండు ఆక్సిజన్ మెషిన్లు తెప్పించారు. గాల్లోంచి ఆక్సిజన్ తీసి ముక్కుకి అందించే మెషిన్లు. బెడ్డు దొరకనివాళ్ళ ఇళ్ళకి ఉచితంగా పంపాలని వాళ్ళ ఉద్దేశం. ఆ ఫైలు మా ఆఫీసుకే వచ్చింది.

సరిగ్గా అదే వారంలో ప్రభుత్వం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఆక్సిజన్‌కి సంబంధించిన సరుకుకి రేవుల్లో ఏ చార్జీలూ వెయ్యకూడదు, గోదాం అద్దె కూడా వద్దు, మూడు నెలల పాటు. అలాంటి సరుకుని అన్నిటికన్నా ముందు వదలాలని కూడా అందులో ఉంది. నేను అద్దె లేదన్న ముక్క దగ్గరే ఆగిపోయాను. మూడు నెలలు అద్దె లేదంటే గడువు జులై ఆఖరు. నా పద్ధతి ప్రకారం జులై ఆఖరు గడువున్న ఫైలు ఎక్కడుండాలి? అన్నిటికన్నా అడుగున. అక్కడే పెట్టాను. దాని మీద రొయ్యల మేత, పేపరు మిషన్ల విడిభాగాలు, పామాయిలు. వాటికి అద్దె పడుతోంది మరి.

ఊపిరాడనివాళ్ళ కోసం వచ్చిన మెషిన్లని, అద్దె లేదు కాబట్టి తొందర లేదని పక్కన పెట్టాను. ఎవరో చెయ్యి పట్టుకుని చేయించిన తప్పు కాదది.

వర్తకులు వాట్సాప్‌లో పెట్టిన ప్రకటనలో, వివరాలకి అంటూ మా ఆఫీసు నంబరు కూడా ఇచ్చారు. జనం ఫోన్లు చేసేవారు. ఆ పిల్ల మూడుసార్లు చేసింది. పేరు చెప్పలేదు. "అంకుల్, మా నాన్న లెక్కల మాస్టారండి. ఆక్సిజన్ తగ్గిపోతోందండి. మెషిన్లు వచ్చాయా?" అంది మొదటిసారి. నేను చేతిలో ఉన్న రొయ్యల మేత ఫైలు చూస్తూ "రెండ్రోజుల్లో వచ్చేస్తాయమ్మా" అన్నాను. ఆ మాట మేము అందరికీ చెబుతాం. సరుకెక్కడుందో చూసుకోకుండానే నోటికి వచ్చేస్తుంది. రెండు రోజులయ్యాక మళ్ళీ చేసింది. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారీ అదే చెప్పాను. ఒక్కసారి కూడా అడుగున ఉన్న ఫైలు తీయలేదు.

పై ఫైళ్ళు తరిగి, ఆ ఫైలు చేతికొచ్చి, తెరిచాక దాని పని ఒకటిన్నర రోజులో అయిపోయింది. మెషిన్లు ఊళ్ళోకి వచ్చాయి. అప్పటికే ఆ మాస్టారు పోయి మూడు రోజులైంది.

ఆ సంగతి నాకెలా తెలిసిందంటే, మెషిన్లొచ్చిన వారానికి ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. "ఏవండీ, చిన్న సంగతి కనుక్కుందామని. రెండ్రోజుల్లో మెషిన్లు వచ్చేస్తాయని మీ ఆఫీసులో చెప్పారని మా పాప అంటోంది. నిజమేనాండి? మా అన్నయ్య పోయారండి" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది, నేనూ గట్టిగా ఏదో ఒకటి అనేవాణ్ణి. కేసవుతుందనీ, పేపర్లో పడుతుందనీ, ఉద్యోగం పోతుందనీ ఒక్క క్షణంలో అన్నీ తోచాయి. "లేదండీ, మేమెవరికీ అలా చెప్పం. మా దగ్గర్నుంచి ఎవరూ ఆ మాట అనలేదండి" అన్నాను. ఆయన "సరేనండి, థాంక్సండి" అని పెట్టేశాడు. థాంక్స్ అన్నాడు నాకు.

అప్పటినుంచి ఆ గొంతు నన్ను వదల్లేదు. కరెంటు పోయి ఆఫీసులో ఫ్యాన్ ఆగితే, ఆ నిశ్శబ్దంలో "వచ్చాయా?" అని వినిపించేది. బస్సులో పక్క సీట్లోంచి వినిపించేది. స్నానం చేస్తుంటే తలుపు అవతల వినిపించేది. ఎవరో పిలిచారా అని మా ఆవిణ్ణి అడిగితే ఎవరూ లేరనేది. కొన్నాళ్ళకి అడగడం మానేశాను. ఆ ఇల్లెక్కడో, ఆ మాస్టారి పేరేంటో కనుక్కోవడం నాకు పెద్ద కష్టం కాదు. కనుక్కోలేదు. తెలిస్తే వెళ్ళాల్సి వస్తుందని.

నాకు అన్నయ్య వరసయ్యే మా పెదనాన్నగారబ్బాయి పౌరోహిత్యం చేస్తాడు. తద్దినాలకి భోక్తలు దొరకడం లేదని ఎప్పుడూ గోల పెడుతుంటాడు. తద్దినానికి ఇద్దరు బ్రాహ్మణులు కూర్చోవాలి, ఒకరు దేవతల స్థానంలో, ఒకరు పోయినవారి స్థానంలో. ఆ రెండో పీట మీద కూర్చున్నవాడు ఆ పూటకి ఆ ఇంట్లో పోయిన మనిషి కిందే లెక్క. కాళ్ళు కడుగుతారు, పేరూ గోత్రమూ చెప్పి ఆ మనిషిని అతనిలోకి పిలుస్తారు, అన్నీ వండి వడ్డిస్తారు. భోజనం ముగిసేదాకా అతను నోరు విప్పకూడదు. మధ్యలో లేవకూడదు. లేస్తే కర్మ చెడిపోయినట్టే, పోయినాయన ఆ ఏడు ఆకలితో వెనక్కి వెళ్ళినట్టే. అందుకే ఆ పీటకి తొందరగా ఎవరూ ఒప్పుకోరు. నేను ఆ ఏడాది నుంచి ఒప్పుకోవడం మొదలుపెట్టాను. పోయినవాళ్ళ తరఫున కూర్చుని తింటే ఆ మాస్టారికి ఎక్కడో కాస్త చెల్లుతుందని నా పిచ్చి.

మొన్న చైత్ర బహుళ దశమి నాడు అన్నయ్య పొద్దున్నే ఫోన్ చేశాడు. "మణీ, వస్తానన్నాయన జ్వరమని మానేశాడు. దానవాయిపేటలో తద్దినం. పితృస్థానానికి నువ్వు రావాలిరా" అన్నాడు. ఆఫీసుకి సెలవు చెప్పి, తలస్నానం చేసి, పంచె కట్టుకుని వెళ్ళాను.

పాత డాబా ఇల్లు. వెనక వాకిట్లోంచి మేడ మీదకి మెట్లున్నాయి. పై మెట్టు మీద పదిహేడేళ్ళ అమ్మాయి ఒకతె మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని కూర్చుని ఉంది. చదవడం లేదు. నన్ను చూసి లేచి లోపలికి వెళ్ళిపోయింది. కర్త, అంటే పోయినాయన తమ్ముడు, నా కాళ్ళు కడిగి పీట మీద కూర్చోబెట్టాడు. దేవతల పీట మీద వేరే ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. వేలికి దర్భ తొడిగారు. గోత్రం చెప్పి, విష్ణుశర్మ అని పేరు చెప్పి, ఆయన్ని నాలోకి పిలిచారు. ఎన్నోసార్లు కూర్చున్న పీటే, కొత్తేమీ అనిపించలేదు.

విస్తరి వేస్తున్నప్పుడు పోయినాయన తల్లి మాణిక్యాంబగారు గుమ్మం దగ్గర నిలబడి అన్నయ్యతో అన్నారు. "దాన్ని కిందికి రావద్దన్నానండి. వాడు అన్నం తినేచోట అది ఉండడం నాకిష్టం లేదు."

"మనవరాలే కదండీ, వాళ్ళ నాన్నగారి తద్దినం" అన్నాడు అన్నయ్య.

"ఆ నాన్నగారిని మింగింది అదేనండి."

లోపల్నుంచి ఒకావిడ, ఆ పిల్ల తల్లి ఉమాశ్రీ, "అత్తయ్యగారూ, ఈ ఒక్కపూటైనా ఆ మాట ఎత్తకండి" అంది.

పెద్దావిడ ఆగలేదు. "ఎందుకెత్తకూడదు? అమలాపురంలో బెడ్డు దొరికిందండి. కారు వాకిట్లోకొచ్చి ఆగింది. రెండ్రోజుల్లో మెషిన్లు వచ్చేస్తాయని ఫోన్లో చెప్పారు, నాన్నని పంపొద్దు అని కారుకి అడ్డంపడి ఏడ్చింది. దాని ఏడుపు చూసి మావాడూ ఉండిపోయాడు. ఆ బెడ్డు ఇంకెవరికో ఇచ్చేశారు. వారం తిరక్కుండా వాడు వెళ్ళిపోయాడు. తీరా మా చిన్నాడు ఆ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుంటే ఏమన్నారు? మేమెవరమూ అలా చెప్పలేదన్నారు. నాన్న తన దగ్గరే ఉండాలని అది కల్పించి చెప్పిందండి. లెక్కల మాస్టారి కూతురు, దానికి లెక్కలేసి అబద్ధమాడ్డం కూడా వచ్చు."

లేచి పారిపోదామనుకున్నాను. లేవకూడదు. నోరు విప్పుదామనుకున్నాను. విప్పకూడదు. ఈలోగా వడ్డన ముగిసి, భోజనం మొదలుకి గుర్తుగా ఆపోశనం నీళ్ళు పట్టించేశారు. విస్తరి నిండా ఉన్నాయి, అన్నం, అరటికాయ కూర, కంద, గారెలు, పరమాన్నం. "వాడికి గారెలంటే ప్రాణం, ఇంకోటి వెయ్యి" అంటున్నారు పెద్దావిడ. నా విస్తట్లో ఇంకో గారె పడింది.

తిన్నాను. చిన్న చిన్న ముద్దలు చేసి, నీళ్ళతో దింపుకుంటూ, అంతా తిన్నాను. తినకపోతే ఆయన ఆకలితో వెళతాడు, నేను ఆయన్ని చంపిందే కాక అన్నం దగ్గర కూడా లేపినట్టవుతుంది. సగంలో ఉండగా నాకు ఊపిరి అందడం మానేసింది. గొంతులో ముద్ద అడ్డం పడిందనుకున్నాను. కాదు. ఎవరో నా రొమ్ములోంచి నాతో పాటు గాలి లాగుతున్నారు, ఇద్దరికీ చాలడం లేదు. చెమట కారి విస్తట్లో పడుతోంది. అన్నయ్య విసనకర్ర తెప్పించాడు. మేడ మీద ఆ పిల్ల అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు పైనుంచి వినిపిస్తూనే ఉంది. నాలుగేళ్ళుగా నన్ను వదలని గొంతు ఈ కప్పు మీదే ఉంది. నా భయం నా ఒక్కడిదే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. నేను ఫోను ఎత్తకుండా దాక్కున్న నాలుగేళ్ళూ ఆ పిల్ల ఈ ఇంట్లో ఇలా బతికింది.

భోజనం ముగిసింది. కర్త చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. తృప్తి కలిగిందా అని సంస్కృతంలో అడుగుతారు. కలిగిందని భోక్త చెప్పాలి. ఆ ఒక్క మాటతో అయిపోతుంది. ఎన్ని ఇళ్ళలో చెప్పానో లెక్కలేదు. కర్త అడిగాడు. అన్నయ్య నా వైపు చూసి నెమ్మదిగా ఆ జవాబు అందించాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"లేదు" అన్నాను, తెలుగులో.

మాణిక్యాంబగారు గుమ్మం దాటి ముందుకొచ్చారు. ఆవిడ మొహం మారిపోయింది. నా ముందు నేల మీద చతికిలబడి నా ఎడమ చెయ్యి పట్టుకున్నారు. "ఏం లోటయింది నాయనా? ఏం కావాలో చెప్పు. విష్ణూ, చెప్పు నాయనా" అన్నారు.

ఆవిడ నాతో మాట్లాడటం లేదు. కొడుకుతో మాట్లాడుతున్నారు. నాకది అర్థమైన మరుక్షణమే ఇంకోటి కూడా అర్థమైంది. నేను ఎవరో చెప్పనక్కర్లేదు. ఇక్కడ నేనే ఆయన.

"పిల్ల కల్పించలేదు" అన్నాను. "ఫోన్లో ఆ మాట నిజంగా చెప్పారు."

పెద్దావిడ పెద్దపెట్టున ఏడ్చారు. "వాడేనండీ! మావాడే వచ్చి చెప్పాడండీ!" అని అన్నయ్యకి చెప్పారు, చిన్నకొడుక్కి చెప్పారు, గోడకి చెప్పారు. "ఒసే ఉమా, దాన్ని పిలు. సహస్రని పిలు. నా తల్లిని ఎన్ని మాటలన్నానే" అంటూ నా చెయ్యి కళ్ళకద్దుకున్నారు. ఉమాశ్రీ మెట్ల వైపు పరుగెత్తింది. నాకు ఒళ్ళు తేలికపడింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఎంత సులువుగా గట్టెక్కానో అనుకున్నాను. పిల్ల మీద మచ్చ పోయింది. నా పేరు ఎక్కడా రాలేదు.

సహస్ర వచ్చి గుమ్మంలో నిలబడింది. తల్లి ఆమె భుజాలు పట్టుకుని "నాన్న చెప్పారే, నీది అబద్ధం కాదని నాన్నే చెప్పారు" అంటోంది. పిల్ల నా వైపు చూస్తోంది. ఆ చూపులో ఆశ చూశాను. నాలుగేళ్ళు ఎదురుచూసిన మనిషి కళ్ళు అవి.

"ఇంకోసారి చెప్పు నాయనా, దానికి వినబడేలా చెప్పు" అన్నారు మాణిక్యాంబగారు.

"నువ్వు అబద్ధం చెప్పలేదమ్మా" అన్నాను.

పిల్ల మొహంలో ఆశ అక్కడే ఆగిపోయింది. తల కొంచెం పక్కకి వంచింది, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు వంచినట్టు.

"ఈయన నాన్న కాదు నాన్నమ్మా" అంది.

"తప్పమ్మా, ఆ పీట మీద..."

"నాన్న నన్ను ఎప్పుడూ అమ్మా అనలేదు. ఈ గొంతు నాకు తెలుసు." నా వైపు ఒక అడుగు వేసింది. "మూడుసార్లు విన్నాను. మీరే కదా అంకుల్?"

ఇంకా తప్పించుకోవచ్చు. పీట మీద ఉన్నాను, దర్భ చేతికుంది, పెద్దావిడ నా పక్షాన ఉన్నారు. ఒక్క 'కాదు' అంటే చాలు, ఇంకోసారి ఆ పిల్లే అబద్ధాలాడిందవుతుంది. ఆ పని ఒకసారి చేశాను.

"నేనేనమ్మా" అన్నాను. "ఆ మూడుసార్లూ మాట్లాడింది నేనే. మెషిన్లు అప్పటికే రేవుకి వచ్చేసి ఉన్నాయి. గోదాం అద్దె లేదు కదాని ఆ ఫైలు అడుగున పడేశాను. తెరిచి చూడకుండానే రెండ్రోజులని నీకు చెప్పాను. చూసుంటే నాన్నగారు ఉన్నప్పుడే మీ ఇంటికి వచ్చేవి." కర్త వైపు తిరిగాను. "తర్వాత మీరు ఫోన్ చేస్తే, ఎవరూ అనలేదని చెప్పిందీ నేనేనండి."

మాణిక్యాంబగారి చెయ్యి నా చేతి మీంచి మెల్లగా తొలగిపోయింది. కర్త నాకు పోయాల్సిన నీళ్ళ పాత్ర చేతిలోకి తీసుకున్నవాడల్లా వెనక్కి తగ్గాడు. అన్నయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను లేచి వెళ్ళిపోవాలి, కానీ చేతిలో ఎవరైనా ఉత్తరాపోశనం నీళ్ళు పోస్తే గాని భోక్త లేవకూడదు. పోయడానికి ఎవరూ రాలేదు. అలాగే కూర్చున్నాను, ఎంగిలి చేత్తో, ఆ ఇంటి మనిషి పీట మీద.

సహస్రే వచ్చింది. కర్త చేతిలోంచి నీళ్ళ పాత్ర తీసుకుని నా ముందు వంగింది.

"మీ కోసం కాదు అంకుల్" అంది. "నాన్న ఆకలితో వెళ్ళకూడదు. ఆ మాట చెప్పేసి లేవండి."

తృప్తి కలిగిందని చెప్పాను. ఆ పిల్ల నా చేతిలో నీళ్ళు పోసింది. తాగి లేచాను.

"సహస్రా" అని మాణిక్యాంబగారు నేల మీద నుంచే రెండు చేతులూ చాపారు. పిల్ల అటు వెళ్ళలేదు. పాత్ర కింద పెట్టి, వంగి, వాళ్ళ నాన్న విస్తరి తనే తీసింది.